నెట్‌వర్కుకు కరణం: జాన్ పోస్టెల్

పాత కంప్యూటరు ఒకటి చేతికి చిక్కితే చాలు, ఇవాళ మన విద్యార్థులు దాన్ని ఇంట్లో సర్వరుగా నిలబెట్టేస్తున్నారు. ఇంటిల్లిపాది ఫోటోలూ, పాటలూ, ప్రాజెక్టు పనులూ అన్నీ దానిలోనే. రూటరు నుంచి వైరు లాగి దానికి 192.168.1.10 అని ఒక నంబరు తగిలిస్తారు. పక్క గదిలోంచి దానితో మాట్లాడటానికి 22వ పోర్టు తెరుస్తారు. వెబ్ పేజీకి 80, పేర్ల విచారణకు 53. చివరికి అది పలుకుతోందో లేదో అని ఒక పింగ్ కొట్టి చూస్తారు. బాగానే ఉంది. కాని 22 ఎందుకయింది, 24 ఎందుకు కాలేదు? ఆ 192.168 ఎక్కణ్ణించి వచ్చింది? ఇవి అడిగే తీరిక ఎవరికీ ఉండదు. పొలం దున్నేవాడు సర్వే నంబరు ఎవరు వేశారని అడుగుతాడా?

మన పల్లెల్లో ఆ లెక్క కరణం చూసేవాడు. తెలంగాణ వైపు పట్వారీ అనేవారు. 1984లో ఆ పదవులు రద్దయ్యే దాకా ఏ నంబరు ఎవరిదన్నది ఆయన దస్తరంలో ఉంటేనే ఉన్నట్టు. దున్నేదీ పండించేదీ రైతే. కాని దస్తరంలో ఒక్క అంకె తారుమారైతే అన్నదమ్ములు కోర్టు మెట్లెక్కవలసిందే. కరణం కలం మీద అన్ని కథలు ఊరికే పుట్టలేదు. ప్రపంచంలోని కంప్యూటర్లను కలిపిన ఇంటర్నెట్‌కు కూడా అలాంటి కరణం ఒకాయన ఉండేవాడు. దాదాపు 30 ఏళ్ళు దస్తరం రాశాడు. అందులో ఒక్క సెంటు భూమి కూడా తన పేర రాసుకోలేదు. ఆయన పేరు జోనథన్ బ్రూస్ పోస్టెల్. లోకానికి జాన్ పోస్టెల్.

పోస్టెల్ 1943 ఆగస్టు 6న అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, ఆల్టడీనా అనే ఊళ్ళో పుట్టాడు. వాన్‌నైస్ హైస్కూల్లో చదివాడు. ఇంటర్నెట్ చరిత్రలో పెద్ద పేర్లయిన వింటన్ సెర్ఫ్, స్టీవ్ క్రాకర్ కూడా ఆ బడి పిల్లలే. లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 1966లో ఇంజనీరింగు పట్టా, 1968లో మాస్టర్స్ పట్టా తీసుకున్నాడు. ఆ ముగ్గురూ అక్కడే ఆచార్య లియొనార్డ్ క్లైన్‌రాక్ ప్రయోగశాలలో పరిశోధక విద్యార్థులుగా కలుసుకున్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికా రక్షణ శాఖ పరిశోధనా విభాగం, దూరదూరంగా ఉన్న కంప్యూటర్లను కలిపే ఆర్పానెట్‌కు డబ్బు పెట్టింది. దాని మొదటి మజిలీ ఈ ప్రయోగశాలే.

1969 అక్టోబరు 29 రాత్రి అక్కణ్ణించి స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థకు మొదటి సందేశం వెళ్ళింది. రెండక్షరాలు పోయేసరికి అవతలి కంప్యూటరు చతికిలపడింది. మళ్ళీ నిలబెట్టి పంపారు. ఆ ఏడాది ఆఖరుకు నెట్‌వర్కులో ఉన్నవి నాలుగే నాలుగు కేంద్రాలు.

కంప్యూటర్లు ఒకదానితో ఒకటి ఏ భాషలో మాట్లాడాలన్నది తేల్చే పని ఈ విద్యార్థుల నెత్తిన పడింది. పెద్దవాళ్ళెవరో వచ్చి చెబుతారని ఎదురుచూశారు. ఎవరూ రాలేదు. ఇక తమ ఆలోచనలను తామే కాగితాల మీద పెట్టుకోవడం మొదలుపెట్టారు. ఆజ్ఞాపించినట్టు ఉండకూడదని, అభిప్రాయాలు కోరుతున్నాం అనే అర్థం వచ్చేలా వాటికి ఆర్.ఎఫ్.సి. అని పేరు పెట్టాడు క్రాకర్. మొదటిది 1969 ఏప్రిల్ 7న వెలువడింది. ఈ కాగితాలకు వరుస నంబరు వేసి, తప్పులు దిద్ది, అందరికీ పంపి, భద్రపరిచే బాధ్యత పోస్టెల్ చేతికి వచ్చింది. ఆ పని ఆయన చనిపోయేదాకా చేస్తూనే వచ్చాడు. 2,400 పైచిలుకు పత్రాలు ఆయన కాలంలో వెలువడ్డాయి. అందులో 200కు మించి ఆయన స్వయంగా రాసినవో, ఇతరులతో కలిసి రాసినవో.

కాగితాలతో పాటు అంకెలు కూడా వచ్చాయి. ఒకే కంప్యూటరులో పది రకాల సేవలు నడుస్తుంటే, వచ్చిన కబురు దేనికోసమో తెలియాలి గదా. ఒక్కో సేవకు ఒక్కో నంబరు కావాలి. అందరూ ఇష్టం వచ్చిన నంబరు తీసుకుంటే గందరగోళమే. ఎవరు ఏది వాడుతున్నారో పోస్టెల్ తన నోటు పుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టాడు. 1972 మేలో వచ్చిన 349వ పత్రంలో, అధికారిక నంబర్లు ఇచ్చే పెద్ద ఒకడుండాలని ప్రతిపాదించి, ఆ పెద్ద బహుశా తానేనా అని పక్కనే ఒక ప్రశ్నార్థకం కూడా పెట్టాడు. ఎన్నిక లేదు, నియామకపు ఉత్తర్వు లేదు. పని మీద వేసుకున్నవాడికే పని అప్పగించారు. మన సంఘాల్లో కూడా పద్దు పుస్తకం రాసేవాడు అలాగే తయారవుతాడు!

1974లో డాక్టరేటు తీసుకుని, వేర్వేరు చోట్ల పనిచేసి, 1977లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారి సమాచార శాస్త్రాల సంస్థలో చేరాడు. తుదిశ్వాస దాకా అదే ఆయన కొలువు. ఆ ఏడు ఆగస్టులోనే ఒక చిన్న టిప్పణి రాశాడు. అప్పటికి రూపొందుతున్న టి.సి.పి. అనే ఒకే ఒక కార్యక్రమం రెండు పనులూ నెత్తిన వేసుకుంటోంది: పొట్లాన్ని దారి చూసి చేర్చడం, చేరినవి వరసగా ఉన్నాయా, మధ్యలో ఏదైనా పోయిందా అని చూసుకోవడం. ఇది తప్పు, రెంటినీ విడదీయాలి అన్నాడు పోస్టెల్. తపాలా బంట్రోతు కవరు మీది చిరునామా చూసి చేర్చాలి. లోపలి ఉత్తరం సంగతి ఉత్తరం అందుకున్నవాడు చూసుకుంటాడు. 1978లో అలాగే విడదీశారు. చేర్చే భాగం ఐ.పి. అయింది, సరిచూసే భాగం టి.సి.పి.గా మిగిలింది. 1981 సెప్టెంబరులో ఆయన సంపాదకత్వంలో వచ్చిన 791, 792, 793 పత్రాలే ఇంటర్నెట్‌కు పునాదిరాళ్ళు. ఇంట్లో కొట్టే పింగ్ నడిచేది 792లోని నియమాల మీదే. దాన్ని వాడుకుని పింగ్ ప్రోగ్రాము రాసింది మాత్రం మైక్ మ్యూస్, 1983లో. మరుసటి ఏడు, 1982లో, ఈమెయిలు ఒక సర్వరు నుంచి మరో సర్వరుకు పోయే పద్ధతిని కూడా పోస్టెలే రాసిపెట్టాడు.

ఆ పత్రాల్లో ఆయన పేరుమీదే నిలిచిపోయిన నియమం ఒకటుంది. నువ్వు పంపేటప్పుడు నిబంధన తు.చ. తప్పకుండా పాటించు, ఎదుటివాడు పంపింది కాస్త అటూ ఇటూ అయినా అర్థమైతే స్వీకరించు అని దాని సారాంశం. రకరకాల కంపెనీల యంత్రాలు ఒకదానితో ఒకటి సర్దుకుపోయాయంటే ఈ ఓర్పు వల్లనే. అయితే ఆ ఓర్పుకు వెల కూడా ఉంది. తప్పులు క్షమించే కొద్దీ తప్పులే అలవాటయ్యాయి, దొంగలకు సందులు దొరికాయి. ఆయన రాసిన ఈమెయిలు పద్ధతిలో పంపినవాడు నిజంగా ఆ మనిషేనా అని అడిగే ఏర్పాటే లేదు. అందరూ ఒకరికొకరు తెలిసిన కాలంలో కట్టిన ఇల్లు అది. తలుపులకు గడియలు తరువాత బిగించుకోవలసి వచ్చింది. ఇవాళ ఇంట్లో సర్వరు పెట్టేవారు ఆయన సౌజన్యాన్ని మనుషుల పట్ల చూపించి, పోర్టుల దగ్గర మాత్రం గట్టిగా ఉండటమే మంచిది.

కొత్త పద్ధతి రాయడం ఒక ఎత్తు, నడుస్తున్న నెట్‌వర్కును దానిలోకి మార్చడం మరో ఎత్తు. ఆ మార్పుకు ప్రణాళిక రాసింది కూడా పోస్టెలే, 1981 నవంబరులో. 1983 జనవరి 1 నాటికి అందరూ పాత పద్ధతి వదిలి టి.సి.పి./ఐ.పి.లోకి రావాలి. పరీక్షలు దగ్గర పడితే గాని పుస్తకం తీయని బాపతు ఎక్కడైనా ఉంటారు. అందుకే 1982లో పాత పద్ధతిని ఒకటి రెండుసార్లు కావాలనే ఆపి చూపించారు. అప్పటికి గాని చాలామందికి చలనం రాలేదు. గడువు దాటాక కూడా కొందరు కొన్ని నెలలు కుంటుతూ వచ్చారు. అయినా నెట్‌వర్కు నిలిచింది.

ఆ తరువాత పేర్ల బెడద వచ్చింది. అంతవరకు ప్రతి కంప్యూటరు పేరూ, నంబరూ ఒకే జాబితాలో ఉండేవి. స్టాన్‌ఫర్డ్ సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ బృందం దాన్ని చూసేది. అందరూ అక్కణ్ణించి నకలు తెచ్చుకునేవారు. కంప్యూటర్లు పెరిగేసరికి జాబితా మోయలేని బరువయింది. పోస్టెల్ ఆ సమస్యను తన సహోద్యోగి పాల్ మోకపెట్రిస్‌కు అప్పగించాడు. 1983లో ఆయన రూపొందించిందే ఇవాళ్టి డొమైన్ పేర్ల వ్యవస్థ. ఎవరి కొమ్మలోని పేర్లు వారే చూసుకుంటారు. వేరు దగ్గర మాత్రం ఒక చిన్న జాబితా ఉంటుంది. 1984 అక్టోబరులో పోస్టెల్, జాయిస్ రేనాల్డ్స్ కలిసి డాట్ కామ్, డాట్ ఎడ్యు, డాట్ ఆర్గ్ వంటి కొమ్మలను ప్రకటించారు. దేశాలకు రెండక్షరాల కొమ్మలు. మన డాట్ ఇన్ 1989 మేలో ఆ దస్తరంలోకి ఎక్కింది.

ఇక్కడే ఆయన బుద్ధికుశలత చూడాలి. ఏది దేశం, ఏది కాదు అన్న తగువులోకి దిగితే కంప్యూటర్ల సంగతి అటుంచి యుద్ధాలే వస్తాయి. ఆ తీర్పు నాది కాదు, అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ జాబితాలో రెండక్షరాలు ఉంటే ఇస్తాను అని ఊరుకున్నాడు. 1994లో రాసిన 1591వ పత్రంలో ఇంకో మాట స్పష్టం చేశాడు: పేర్ల కొమ్మను చూసేవాడు యజమాని కాడు, ధర్మకర్త మాత్రమే. హక్కుల గురించి కాదు, సేవ గురించి మాట్లాడాలన్నది ఆయన వైఖరి.

గుండెల దాకా గడ్డం, కాళ్ళకు చెప్పులు, సెలవు దొరికితే సియెర్రా నెవాడా కొండల్లో మూట వీపున వేసుకుని నడక. ఇదీ మనిషి. అంకెలిచ్చే సంస్థకు ఐయానా అని పేరుండేది గాని, ఆ సంస్థ అంటే దాదాపుగా పోస్టెల్, రేనాల్డ్స్ ఇద్దరే. 1995లో ఫిన్లండ్ యువకుడు టాటూ యిలోనెన్, దూరపు కంప్యూటరులోకి భద్రంగా ప్రవేశించే ఎస్.ఎస్.హెచ్. ప్రోగ్రాము రాశాడు. 21, 23 పోర్టులు పాత సేవలవి, మధ్యలో 22 ఖాళీ. అది తనకిమ్మని ఉత్తరం రాశాడు. మరునాటికే రేనాల్డ్స్ నుంచి జవాబు: ఇచ్చాం. సిఫారసు లేదు, రుసుము లేదు, చెప్పులరిగేలా తిరగడం లేదు. ఇంట్లో ఎవరికి వారు వాడుకునేందుకు 192.168తో మొదలయ్యే నంబర్లను విడిగా ఉంచింది కూడా ఐయానాయే. ఆ ఏర్పాటు 1994లో ఒక పత్రంగా వచ్చి, 1996లో 1918వ పత్రంగా స్థిరపడింది. మన ఊరి పోరంబోకు వంటిదనుకోండి. ఎవరి పట్టాలోనూ ఉండదు, అందరికీ పనికొస్తుంది.

ఇంతలో వ్యాపారం వచ్చింది. అంతవరకు ఉచితంగా ఇచ్చిన డాట్ కామ్ పేర్లకు 1995 సెప్టెంబరు నుంచి ఏటా 50 డాలర్లు వసూలు మొదలయింది. ప్రభుత్వ ఒప్పందం మీద ఆ పని చేస్తున్న కంపెనీ ఒక్కటే. పేరు బంగారమయ్యేసరికి దస్తరం ఎవరి చేతిలో ఉండాలన్న తగువు రాజధాని దాకా పోయింది. 1998 జనవరి 28న పోస్టెల్ ఒక సాహసం చేశాడు. పేర్ల వ్యవస్థకు వేరు వంటి సర్వర్లు నడిపేవారిలో ఎనిమిది మందికి ఈమెయిలు రాశాడు: ఇకనుంచి అసలు జాబితాను ఆ కంపెనీ యంత్రం నుంచి కాక, తన సంస్థ యంత్రం నుంచి తీసుకోండని. ఎనిమిది మందీ మారు మాట్లాడకుండా అలాగే చేశారు. రెండు జాబితాలూ ఒకటే కనుక వాడేవారికి తేడా తెలియలేదు. వాషింగ్టన్‌లో మాత్రం గుండెలదిరాయి. వెంటనే యథాస్థితికి తెమ్మని ప్రభుత్వ సలహాదారు పట్టుబట్టాడు. ఇదొక పరీక్ష మాత్రమేనని చెప్పి పోస్టెల్ వెనక్కి తీసుకున్నాడు. నిజంగా పరీక్షేనా, హెచ్చరికా అన్నది ఇప్పటికీ చర్చే. ఒక్క సంగతి మాత్రం తేలిపోయింది. ఆ ఎనిమిది మంది చూసింది అధికార ముద్రను కాదు, ఆ సంతకం వెనకనున్న 30 ఏళ్ళ నడతను.

అయితే ఒక్క మనిషి మంచితనం మీద ప్రపంచం ఎంతకాలం నిలబడుతుంది? ఈ ప్రశ్న అందరికంటే ముందు తెలిసినవాడు ఆయనే. తన దస్తరాన్ని అప్పగించడానికి ఒక లాభాపేక్ష లేని సంస్థ పుట్టాలని పాటుపడ్డాడు. 1998 శరత్కాలంలో ఐకాన్ అనే ఆ సంస్థ ఏర్పడింది. కొద్ది రోజులకే, అక్టోబరు 16న, గుండె కవాటానికి జరిగిన శస్త్రచికిత్స అనంతరం పోస్టెల్ కన్నుమూశాడు. వయసు 55. మిత్రుడు సెర్ఫ్ రాసిన స్మృతి వ్యాసం కూడా ఒక ఆర్.ఎఫ్.సి. గానే వెలువడింది. దాని సంఖ్య 2468. ఆయన పేర నెలకొల్పిన సేవా పురస్కారాన్ని 1999లో మొట్టమొదట ఆయనకే, మరణానంతరం ఇచ్చారు.

కరణం పోయాడు, దస్తరం ఆగలేదు. ఆయన గొప్పతనం అక్కడుంది. అన్నీ తన బుర్రలో పెట్టుకున్నవాడైతే ఆయనతో పాటే అన్నీ పోయేవి. రాసిపెట్టాడు కనుక, పదిమందికీ కనిపించేలా రాశాడు కనుక, మరునాడు ఇంకొకరు పుస్తకం తెరిచి పని కొనసాగించగలిగారు.

మన తరగతుల్లో కనిపెట్టినవారి పేర్లు బట్టీపడతాం. కాపాడుకుంటూ వచ్చినవారి పేర్లు ప్రశ్నపత్రంలో రావు. కాని ఇంట్లో సర్వరు పెట్టిన ప్రతివాడికీ అనుభవమే: నిలబెట్టడం ఒక ఆదివారం పని, నిలుపుకోవడం ఏళ్ళ పని. ఏ యంత్రానికి ఏ నంబరు ఇచ్చాం, ఏ పోర్టు ఎందుకు తెరిచాం, నకళ్ళు ఎక్కడ దాచాం అన్నది ఒక నోటు పుస్తకంలో తేదీ వేసి రాసుకోండి. మీరు ఉద్యోగానికి ఊరు దాటాక మీ చెల్లెలో తమ్ముడో ఆ పుస్తకం చూసి సర్వరు నడపగలిగితే, పోస్టెల్ వారసత్వం మీ ఇంటికి చేరినట్టే.