పసుపులేటి కన్నాంబ

ధ్వనివర్ధకాలు లేని కాలంలో నాటకం చూడడమంటే ముఖ్యంగా వినడమే. పందిట్లో వందలాదిమంది కూర్చునేవారు. వేదికపై పెట్రోమాక్సు దీపాలు వెలుగుతున్నా, వెనుక వరుసల వారికి నటుల ముఖకవళికలు సరిగా కనిపించేవి కావు. వారికి అందేది కంఠస్వరం ఒక్కటే. పద్యం చివరి వరుస దాకా వినిపిస్తే ‘వన్స్‌మోర్’ కేకలు, వినిపించకపోతే ఈలలు. ఆ కఠిన పరీక్షలో నెగ్గి, ఆ కంఠాన్నే పెట్టుబడిగా చేసుకొని చలనచిత్రరంగంలో దాదాపు మూడు దశాబ్దాలు నిలిచిన నటీమణి పసుపులేటి కన్నాంబ.

కన్నాంబ 1911 అక్టోబరు 5న కడపలో జన్మించారు. బాల్యం ఏలూరులో మాతామహుల ఇంట గడిచింది. సంగీతం ఆమెకు అక్కడే అబ్బింది. నాటకసమాజాలు వచ్చిపోయే పట్టణం కావడం చేత, పాటతో పాటు పద్యం పాడే తీరు కూడా చిన్ననాటనే ఆమె చెవిన పడింది.

ఆ రోజుల్లో స్త్రీ వేదిక ఎక్కడం సామాన్యమైన విషయం కాదు. సురభి కుటుంబాల వంటి కొన్ని సమాజాల్లో స్త్రీలు నటిస్తున్నా, ఇతర సమాజాల్లో స్త్రీపాత్రలను ఎక్కువగా పురుషులే ధరించేవారు. స్థానం నరసింహారావు సత్యభామగా ప్రవేశిస్తే ప్రేక్షకులు ఆయన పురుషుడన్న మాటే మరచిపోయేవారు. పురుషుడు స్త్రీవేషం వేస్తే కళ అని మెచ్చుకొన్న లోకమే, స్త్రీ తన సహజరూపంతో వేదికపైకి వస్తే చిన్నచూపు చూసేది. నటి కాగోరిన యువతి పాత్రను పోషించడం ఒక్కటే కాదు, ఆ చిన్నచూపును కూడా భరించవలసి వచ్చేది.

కన్నాంబ రంగప్రవేశాన్ని గురించి ఒక ముచ్చట ప్రచారంలో ఉంది. ఏలూరులో హరిశ్చంద్ర నాటకం జరుగుతుండగా చంద్రమతి విలాపం రక్తికట్టలేదట. ప్రేక్షకులలో ఉన్న ఈ బాలిక తాను అంతకంటే బాగా పాడగలనని వేదిక ఎక్కి పాడి సభను మెప్పించిందట. నటీనటుల జీవితాల చుట్టూ ఇటువంటి ముచ్చటలు అల్లుకోవడం సహజమే. ఆమె యౌవనారంభంలోనే నారాలశెట్టివారి నాటకసమాజంలో చేరిందని, చంద్రమతిగా పేరు తెచ్చుకొన్నదని మాత్రం రంగస్థల చరిత్ర చెబుతున్నది.

చంద్రమతి పాత్రలోని కష్టం కాటిసీనులో తెలుస్తుంది. పాముకాటుకు బలియైన లోహితాస్యుని ఎత్తుకొని తల్లి శ్మశానానికి వస్తుంది. కాటికాపరి సుంకం అడుగుతాడు. అతడే తన భర్త అని ఆమెకు అప్పటికి తెలియదు. అక్కడ నటి ఏడవాలి, పాడాలి. దుఃఖం నిజంగా గొంతుకు అడ్డుపడితే పద్యం తెగిపోతుంది. రాగాలాపనపైనే దృష్టి నిలిపితే దుఃఖం పలచబడుతుంది. ఈ రెంటినీ ఒక్క ఊపిరిలో నడపగలగడం కన్నాంబ సాధించిన విద్య. ప్రతి అక్షరాన్నీ తుంచకుండా పలికి, మాట చివర కొద్దిగా జీర తెచ్చి, ఆ జీరలోనే కన్నీటిని వినిపించేవారు. తరువాతి కాలంలో సినిమాలో ఆమెకు గ్లిజరిను అవసరం ఉండేది కాదని చెప్పుకొనేవారు. కాటిసీను వంటి ఘట్టాలలో ఆరితేరిన నటికి అది అసాధ్యమేమీ కాదు.

తెలుగు సినిమా మాటలు నేర్చిన తొలి సంవత్సరాలలో నిర్మాతలు కథలనే గాక నటులను కూడా నాటకాల నుండే తెచ్చుకొన్నారు. నేపథ్యగానం ఇంకా రాలేదు గనుక ఎవరి పాట వారే పాడుకోవలసిన కాలమది. రూపం ఉండి గొంతు లేనివారికి అక్కడ చోటు తక్కువ. 1935లో వచ్చిన ‘హరిశ్చంద్ర’ చిత్రంలో అద్దంకి శ్రీరామమూర్తి హరిశ్చంద్రుడు కాగా కన్నాంబ చంద్రమతిగా తొలిసారి తెరపై కనిపించారు. మరుసటి సంవత్సరం ఒకే కథతో రెండు చిత్రాలు పోటీపడ్డాయి. ఒకటి ‘ద్రౌపదీ మానసంరక్షణం’. అందులో బళ్ళారి రాఘవ దుర్యోధనుడు, సురభి కమలాబాయి ద్రౌపది. రెండవది హెచ్.వి. బాబు దర్శకత్వం వహించిన ‘ద్రౌపదీ వస్త్రాపహరణం’. ఇందులో యడవల్లి సూర్యనారాయణ దుర్యోధనుడు, కన్నాంబ ద్రౌపది. మహానటుడైన రాఘవ ఉన్న చిత్రం వెనుకబడి, రెండవదే ప్రజాదరణ పొందింది. నిండుసభలో న్యాయం అడిగే ద్రౌపదిగా కన్నాంబ ప్రేక్షకుల మనస్సులో నిలిచిపోయారు.

సాధ్వీపాత్రలతో పేరు పొందినవారు ఆ చట్రంలోనే ఉండిపోవడం సాధారణం. కన్నాంబ అలా ఉండిపోలేదు. 1937లో పి. పుల్లయ్య దర్శకత్వంలో వచ్చిన ‘సారంగధర’లో సవతికొడుకును మోహించి, అతడు తిరస్కరించగా పగబట్టే చిత్రాంగి పాత్రను ధరించారు. 1938లో హెచ్.ఎం. రెడ్డి తీసిన ‘గృహలక్ష్మి’లో ఒక వైద్యుని సంసారంలో చిచ్చుపెట్టే నర్తకి మాధురి అయ్యారు. ప్రేక్షకులు చంద్రమతిగా కన్నీరు పెట్టించిన నటినే ఈ పాత్రలలో చూసి కోపించారు. అదీ ఒక విధమైన మెప్పే.

ఈ చిత్రాంగియే ఆమెను తమిళచిత్రాల వైపు నడిపిందేమో అనిపిస్తుంది. ఎందుకంటే 1941 నాటి తమిళ ‘అశోక్‌కుమార్’లో ఆమె ధరించిన తిష్యరక్షిత పాత్ర చిత్రాంగికి తోబుట్టువు వంటిది. అక్కడ సారంగధరుడు కాళ్లుచేతులు పోగొట్టుకొంటే ఇక్కడ కునాలుడు కన్నులు పోగొట్టుకొంటాడు. కునాలునిగా ఎం.కె. త్యాగరాజ భాగవతారు, అశోకునిగా మన చిత్తూరు నాగయ్య నటించారు.

ఆ మరుసటి సంవత్సరం వచ్చిన ‘కణ్ణగి’ ఆమె జీవితంలో పెద్ద పరీక్ష. తమిళుల ప్రాచీన కావ్యం శిలప్పదికారం నుండి తీసుకొన్న కథ అది. కోవలన్ అనే వర్తకుడు భార్య అందెను అమ్మడానికి మదురకు పోతాడు. రాణి అందెను దొంగిలించాడన్న నింద పడి, విచారణ లేకుండానే చంపబడతాడు. అతని భార్య కణ్ణగి రెండవ అందెను చేతబట్టుకొని పాండ్యరాజు సభకు వచ్చి నిలదీస్తుంది. రాణి అందెలో ముత్యాలు, కణ్ణగి అందెలో మాణిక్యాలు. అందెను నేలకు కొట్టగా మాణిక్యాలు చెదురుతాయి. రాజు కుప్పకూలుతాడు, మదుర దగ్ధమవుతుంది. తమిళులు దేవతగా కొలిచే స్త్రీ ఆమె. ఆ పాత్రను పోషించేది తెలుగు నటి. ఇళంగోవన్ రచించిన సంభాషణలు గ్రాంథికచ్ఛాయలు గల తమిళం. కన్నాంబ తమిళ సంభాషణలను తెలుగు లిపిలో రాసుకొని, ఉచ్చారణ కుదిరేదాకా వల్లించేవారని చెబుతారు. ఒక్క అక్షరం దొర్లినా కొలువుదృశ్యం నవ్వులపాలయ్యేది. అది జరుగలేదు. పి.యు. చిన్నప్ప కోవలన్‌గా నటించిన ఆ చిత్రం ఘనవిజయం సాధించింది. నాడు తెలుగువారు, తమిళులు ఒకే మద్రాసు రాష్ట్రంలో ఉన్నా, పొరుగు భాషలో ఇంతటి పలుకుబడి సంపాదించిన తెలుగు నటీమణులు అరుదు.

కన్నాంబ భర్త కడారు నాగభూషణం కూడా నాటకరంగం నుండి వచ్చినవారే. దంపతులిద్దరూ శ్రీ రాజరాజేశ్వరీ ఫిలిమ్స్ సంస్థను స్థాపించి, 1941లో ‘తల్లిప్రేమ’, 1942లో ‘సుమతి’ మొదలుకొని తెలుగు, తమిళ భాషలలో అనేక చిత్రాలు నిర్మించారు. సిబ్బందికి ఒకటవ తేదీనే జీతాలిచ్చే సంస్థగా దానికి పేరుండేది. సినిమా పరిశ్రమ సంగతి ఎరిగినవారికి అది ఎంత అరుదైన పేరో తెలుస్తుంది. చిత్రం ఆడినా ఆడకపోయినా జీతాలు ఆగరాదంటే, కన్నాంబ ఇతరుల చిత్రాలలో విశ్రాంతి లేకుండా నటించవలసిందే.

1947లో వచ్చిన ‘పల్నాటి యుద్ధం’లో గోవిందరాజుల సుబ్బారావు బ్రహ్మనాయుడు కాగా కన్నాంబ నాయకురాలు నాగమ్మ అయ్యారు. రాజ్యతంత్రం నడిపే స్త్రీగా ఆమె మాటలో చూపిన అధికారం చూస్తే, విలాపానికే పేరుపడిన గొంతు ఇదేనా అని ఆశ్చర్యం కలుగుతుంది. గూడవల్లి రామబ్రహ్మం మరణించగా ఆ చిత్రాన్ని ఎల్.వి. ప్రసాద్ పూర్తిచేశారు. ఆ ప్రసాద్ దర్శకత్వంలోనే 1954లో ‘మనోహర’ వచ్చింది. రాజు మరొక స్త్రీ మాయలో పడి పట్టమహిషిని అవమానిస్తుంటే, కుమారుడు మనోహరుడు తల్లి ఆజ్ఞకు కట్టుబడి సహిస్తాడు. చివరకు గొలుసులతో బంధింపబడి ఉన్న కొడుకును తల్లియే లేచి తిరుగబడమంటుంది. కొడుకుగా నటించినవారు శివాజీ గణేశన్. సంభాషణలు చెప్పడంలో తమిళనాట సాటిలేనివాడని పేరుగాంచిన ఆ నటుని ఎదుట, తెలుగు కన్నాంబ గొంతు తగ్గలేదు.

అప్పటికి ఆమె వయస్సు 42 సంవత్సరాలు. ఆ తరువాత ఎక్కువగా దక్కినవి తల్లి, వదిన పాత్రలే. ‘తోడికోడళ్లు’, ‘మాంగల్యబలం’, ‘ఆత్మబంధువు’ చిత్రాలు చూసినవారికి కన్నాంబ అంటే మొదట ఆ నిండైన గృహిణియే గుర్తుకు వస్తుంది. ఆ తరం ప్రేక్షకులలో అనేకులకు చిత్రాంగి సంగతి తెలియనే తెలియదు.

1963లో విడుదలైన రంగులచిత్రం ‘లవకుశ’లో ఆమె కౌసల్యగా నటించారు. 1964 మే 7న మద్రాసులో మరణించారు. ఆమె పోయిన తరువాత రాజరాజేశ్వరీ సంస్థ మునుపటివలె నిలదొక్కుకోలేకపోయింది.