తంతికి అచ్చు నేర్పిన క్రీడ్

తంతి వచ్చిందంటే మన పల్లెల్లో ఒకప్పుడు గుండెలు గుభేలుమనేవి. 2013లో మన దేశం తంతికి వీడ్కోలు చెప్పింది. అయితే, తీగ మీద వచ్చే టకటకలను అక్షరాలుగా మార్చిన ఫ్రెడరిక్ జార్జ్ క్రీడ్ కథ మనబోటి విద్యార్థులు తెలుసుకోదగ్గది.

క్రీడ్ 1871లో కెనడాలోని నోవా స్కోషియాలో పుట్టారు. కుర్రతనంలోనే తంతి కంపెనీలో చేరి, మోర్సు విద్య సొంతంగా నేర్చుకున్నారు. పొట్ట చేతపట్టుకుని పెరూ, చిలీ దేశాలు వెళ్ళారు. అప్పట్లో వార్త వేగంగా పంపాలంటే ముందు కాగితపు పట్టీ మీద చిల్లులు పొడవాలి. చుక్కకొకటి, గీతకొకటి, ఖాళీకొకటి - మూడే మీటలు. ఒక్క అక్షరానికి ఎన్ని దెబ్బలో! చేతులు పడిపోయేవి. టైపు మిషనులాగా ఒక్క మీట నొక్కితే అక్షరం చిల్లులన్నీ పడకూడదా అన్న ఆలోచన ఆయనకు అక్కడే వచ్చింది.

1897లో గ్లాస్గో చేరి, పాత టైపు మిషను ఒకటి కొని, గాలి ఒత్తిడితో చిల్లులు పొడిచే యంత్రం తయారుచేశారు. మహాశాస్త్రవేత్త కెల్విన్ ఇది ముందుకు సాగేది కాదని తేల్చేశారని చెబుతారు. క్రీడ్ వెనక్కి తగ్గలేదు. వచ్చిన సంకేతాలకు చిల్లులు పొడిచేదీ, ఆ చిల్లులను చదివి అచ్చువేసేదీ కూడా తయారుచేశారు. 1902లో బ్రిటిష్ తపాలా శాఖ 12 యంత్రాలు కావాలంది. 1904లో గ్లాస్గోలోనే చిన్న ఫ్యాక్టరీ పెట్టారు. 1909లో ఆరుగురు మెకానిక్కులతో లండను పక్కనున్న క్రోయిడన్‌కు మకాం మార్చారు.

1925లో కంపెనీ ముర్రే సంకేతాల పేటెంట్లు కొన్నది. ఐదు చోట్ల ‘ఉంది, లేదు’ అంటే 32 కలయికలని మన లెక్కల్లో చదివిందే! ఆ పద్ధతితో 1927లో వచ్చిన మూడో మోడల్ టెలిప్రింటర్ నిమిషానికి 65 మాటలు అచ్చువేసింది.

1928లో కంపెనీ అమెరికా వాళ్ళ ఐ.టి.టి. చేతికి పోయింది. 1930లో క్రీడ్ బయటికొచ్చేశారు. నడిసముద్రంలో విమానాశ్రయాలు, జంట అడుగుల ఓడలు అంటూ కొత్త ఆలోచనలు చేశారు. ఆయన బతికుండగా అవి ఫలించలేదు. 1957లో క్రోయిడన్‌లోనే కన్నుమూశారు.

మన దేశంలో 1960లో మద్రాసులో హిందుస్థాన్ టెలిప్రింటర్స్ వెలిసింది. టెలిప్రింటర్ మీద ఇంగ్లీషులో దిగే వార్తలను మన పత్రికల సబ్ ఎడిటర్లు రాత్రంతా కూచుని తెలుగు చేసేవారు.

కెల్విన్‌కు కనపడనిది క్రీడ్‌కు కనపడిందంటే కారణం ఆయన చేతుల నొప్పే. మన గుంటూరు, ప్రకాశం చేలల్లో మిరప కోత ఇప్పటికీ చాలావరకు చేతులతోనే. సాయంత్రానికి ఆ వేళ్ళు ఎలా మండుతాయో మనలో చాలామందికి చెప్పక్కర్లేదు. లేబరేటరీలో అడుగుపెట్టేటప్పుడు ఆ మంటను గుమ్మం బయట వదిలి రాకుండా ఉంటే చాలు.