విషాన్ని మందు చేసిన సుబ్బారావు గారు

ఎల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టినారు. ఇంట్లో బీదతనం. మెట్రిక్ రెండుసార్లు తప్పి మూడోసారి పాసైనారు. స్ప్రూ అనే విరేచనాల జబ్బుతో ఆయన అన్నదమ్ములు ఇద్దరు కొద్దిరోజుల తేడాలోనే చనిపోయినారు. ఆయనకు కూడా ఆ జబ్బు వచ్చింది గాని బతికినారు. మందులు కనిపెట్టాలనే పట్టుదల అందుకే వచ్చింది అని నేను అనుకుంటాను.

మద్రాసులో వైద్యం చదివినారు. ఖద్దరు వేసుకున్నందుకు ప్రొఫెసరుకు కోపం వచ్చి, ఎం.బి.బి.ఎస్. బదులు తక్కువ పట్టా ఇచ్చినారు. తర్వాత అమెరికా పోయినారు. డబ్బులు లేక ఆసుపత్రిలో రాత్రిపూట పని చేసుకుంటూ హార్వర్డ్‌లో చదివినారు. 1929లో ఫిస్కే గారితో కలిసి, కణానికి శక్తినిచ్చే ఏ.టి.పి. గురించి ప్రకటించినారు. 1940లో లెడర్లీ కంపెనీలో చేరినారు.

కణం రెండుగా చీలాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. ఆయన బృందం దానిని తయారు చేసింది. స్ప్రూ రోగులకు అది పనికొచ్చింది. తర్వాత అచ్చం దానిలాగే ఉండే అమినోప్టెరిన్ చేసినారు. కణం మోసపోయి దీనిని పట్టుకుంటుంది, ఇక చీలలేక చస్తుంది. క్యాన్సర్ కణాలు గబగబా పెరుగుతాయి కాబట్టి వాటికే ఎక్కువ దెబ్బ. మంచి కణాలకు కూడా తగులుతుంది, అందుకే డాక్టర్లు కొలత చూసి ఇస్తారు. బోస్టన్‌లో ఫార్బర్ గారు బ్లడ్ క్యాన్సర్ పిల్లలకు ఈ మందు ఇస్తే కొందరికి కొన్ని నెలలు జబ్బు తగ్గింది. దానిలాంటిదే మెథోట్రెక్సేట్. ఇప్పుడు హైటెక్ సిటీ దగ్గరి పెద్ద ఆసుపత్రులలో కూడా వాడుతున్నారు.

1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే సుబ్బారావు గారు చనిపోయినారు. 1953లో ఒక కొత్త రకం బూజుకు ఆయన పేరు మీద సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టినారు.

బూజులలో చెడ్డవి కూడా ఉన్నాయి. మక్కలు, పల్లీలు సరిగ్గా ఎండకపోతే ఒక రకం బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. అది లివర్‌లో ఇంకో రూపంలోకి మారి, కణంలోని డి.ఎన్.ఎ.కు అతుక్కుంటుంది. లివర్ చెడిపోతుంది, క్యాన్సర్ కూడా రావచ్చు. 1974లో గుజరాత్, రాజస్థాన్‌లలో మనలాంటి గిరిజనుల ఊళ్ళలో బూజు మక్కలు తిని 100 మందికి పైగా చనిపోయినారు. కుక్కలు కూడా చచ్చినాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు పోయి కారణం కనిపెట్టినారు.

సుబ్బారావు గారి విషానికి కొలత ఉంది, డాక్టరు ఉన్నాడు. బూజు గింజకు కొలత లేదు, ఉడకబెట్టినా విషం పూర్తిగా పోదు. కాబట్టి చెల్లెళ్ళారా, మక్కలు బాగా ఎండబెట్టమని ఇంట్లో చెప్పండి. బూజు పట్టినవి ఏరి పారేయండి.