చెప్పులు కుట్టిన ఫాదర్

మాది నడికుడి. గుంటూరు నుంచి సికింద్రాబాద్ వెళ్లే రైలుమార్గం నుంచి మాచర్ల దారి ఇక్కడే చీలుతుంది. చుట్టూ సున్నపురాయి, పక్కనే పిడుగురాళ్ల సున్నపు బట్టీలు. బడి మానేసిన పిల్లవాడికి మా ప్రాంతంలో కనిపించేవి రెండే: బట్టీ, రైలు. రైలెక్కినవారిలో కొందరు విజయవాడ స్టేషన్‌లో తేలతారు. అటువంటి వీధిబాలల కోసం ఆ నగరంలో నవజీవన్ బాలభవన్‌ను నడుపుతున్నది సలేసియన్ సభ. ఆ సభను స్థాపించిన జాన్ బోస్కో జీవితాన్ని చిన్నప్పుడు భక్తి పుస్తకంగా చదివాను. కులం గురించి ఆలోచించడం మొదలుపెట్టాక అదే జీవితం మరోలా కనిపించింది.

ఉత్తర ఇటలీలోని బెక్కి అనే పల్లెలో 1815 ఆగస్టు 16న ఆయన పేద రైతు కుటుంబంలో జన్మించాడు. రెండేళ్లు నిండకముందే తండ్రి మరణించాడు. సవతి అన్న ఆంటోనియోకు తమ్ముడి చేతిలో పుస్తకం కనిపిస్తే గిట్టేది కాదు. మట్టి పనివాడికి చదువెందుకన్నది అతని వాదం. ఇంట్లో పోరు పడలేక తల్లి మార్గరీత పన్నెండేళ్ల కొడుకును పరాయి రైతు ఇంటికి పాలేరుగా పంపింది. పదహారో ఏట కియేరి పట్టణంలో తనకంటే చాలా చిన్నవారి సరసన బడిలో కూర్చున్నాడు. దర్జీ దగ్గర, కాఫీ హోటల్లో పని చేసుకుంటూ చదివాడు. పాలేరు అనే మాటను నేను కావాలనే వాడాను. అయితే ఆ పాలేరుతనం పేదరికం వల్ల వచ్చింది, పేదరికంతోనే పోయింది. మన పాలేరుకు పుట్టుక కూడా తోడవుతుంది.

1841లో ఫాదర్ అయి టూరిన్ చేరాడు. పల్లెల నుంచి వచ్చిన కుర్రాళ్లు అక్కడ తాపీ పనుల్లో, కార్ఖానాల్లో నలిగిపోతున్నారు. కొందరు జైళ్లలో ఉన్నారు. ఆ ఏడాది డిసెంబరు 8న గుడిలోకి వచ్చిన గరెల్లి అనే తాపీ పని అనాథను అక్కడి సేవకుడు కొట్టి తరిమితే, బోస్కో వెనక్కి పిలిపించి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. సలేసియన్లు తమ చరిత్రను అక్కడి నుంచే లెక్కపెడతారు. 1846లో వాల్డొకోలో స్థిరపడినప్పుడు తల్లి కూడా వచ్చి, తన పెళ్లినాటి నగను, బట్టలను ఆ పిల్లల కోసమే ఖర్చు చేసింది.

నాకు అన్నిటికంటే విలువైనవిగా తోచేవి ఆయన రాయించిన ఒప్పందాలు. 1852 నాటి ఒక వడ్రంగి ఒప్పందం స్టాంపు కాగితం మీద ఉంది. యజమాని కుర్రవాడికి పని పూర్తిగా నేర్పాలి. తప్పు చేస్తే మాటతో దిద్దాలి, కొట్టరాదు. వృత్తికి సంబంధంలేని చాకిరీ చేయించరాదు. కూలి క్రమంగా పెంచాలి, పండుగనాడు సెలవివ్వాలి. కింద యజమానితోపాటు కుర్రవాడి సంతకమూ ఉంటుంది.

1853లో ఆయన ఆవరణలోనే తెరిచిన మొదటి పని చెప్పులు కుట్టడం. ఫాదర్ స్వయంగా పీట మీద కూర్చుని తోలు మీద సుత్తి వేశాడు. ఆ తర్వాత దర్జీ పని, పుస్తకాల బైండింగు, వడ్రంగం, అచ్చు పని వచ్చాయి. అదే ఆవరణలో లాటిన్ తరగతులూ నడిచాయి. తోలు ముట్టినందుకు అక్కడ ఎవరికీ మైల అంటలేదు. సరిగ్గా నూరేళ్ల తర్వాత, 1953లో, రాజాజీ ప్రభుత్వం గ్రామీణ పాఠశాలల్లో సగంపూట చదువు, మిగతా పూట తండ్రి వృత్తి అనే పథకం తెచ్చింది. అప్పటికి మా పల్నాడు ఇంకా మద్రాసు రాష్ట్రంలోనిదే. వ్యతిరేకత పెల్లుబికి 1954లో ఆ పథకం పోయింది. పైకి రెండూ చేతివృత్తి విద్యలే. కాని టూరిన్ కుర్రవాడు ఏ పీట మీద కూర్చోవాలో అతని తండ్రి పేరు నిర్ణయించలేదు. చేతివృత్తుల శిక్షణను పొగిడేవారు మాదిగవాడల్లో మాట్లాడే ముందు ఈ తేడాను గుర్తుంచుకోవాలి.

బోస్కో విప్లవకారుడు కాడు. కుర్రాళ్లకు హక్కులు రాయించాడే గాని, వారిని పేదలుగా ఉంచిన వ్యవస్థతో తలపడలేదు. 1859లో సభ స్థాపించి, 1888 జనవరి 31న కన్నుమూశాడు. ఆయన శిష్యులు 1906లో తంజావూరు చేరారు. వారు కాలుపెట్టిన దేశంలో కులం గుడిలోకీ వస్తుంది. క్రైస్తవంలోకి మారిన దళితుడికి 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం నేటికీ షెడ్యూల్డ్ కుల హోదా లేదు. కాని వాడలో అతని కులం ఎవరూ మరచిపోలేదు.

ఆ వడ్రంగి ఒప్పందానికి నూట డెబ్భై ఏళ్లు దాటాయి. మా వైపు సున్నపు బట్టీలో పనికి చేరిన కుర్రవాడి చేతిలో అలాంటి కాగితం నేనింతవరకు చూడలేదు.