జాన్ వెస్లీ పవెల్ చరిత్రము

ఒక దేశమందు భూమి యెంత గలదో తెలిసికొనుట సులభము. ఆ భూమిని పండించుటకు నీరెంత గలదో తెలిసికొనుట కష్టము. ఈ రెండవ పని ముందుగా జరుగవలెనని అమెరికా సంయుక్త రాష్ట్రముల ప్రభుత్వమునకు బోధించి, ఆ కారణముననే తనవారి నిందకు గురియైన మేజర్ జాన్ వెస్లీ పవెల్ చరిత్రమును మా విద్యార్థుల కొరకు సంగ్రహముగా వ్రాయుచున్నాము.

పవెల్ 1834 వ సంవత్సరము మార్చి 24 వ తేదీన న్యూయార్కు రాష్ట్రమందలి మౌంట్ మోరిస్ అను ఊరిలో జన్మించెను. తండ్రి ఇంగ్లండునుండి వచ్చిన మెథడిస్టు బోధకుడు. ఆ సంఘమునకు మూలపురుషుడైన జాన్ వెస్లీ నామమునే కుమారునకు పెట్టి, అతడును బోధకుడు కావలెనని తండ్రి కోరెను. వారు ఒహాయో రాష్ట్రమున జాక్సన్ పట్టణమందు నివసించుచుండగా, తండ్రి బానిసత్వమును బాహాటముగా ఖండించుచుండెను. ఆ కోపముచే తోడి బాలురు పవెల్‌ను రాళ్లతో కొట్టిరి. అందుచే బాలుడు బడి మాని, పొరుగున నున్న జార్జి క్రూకమ్ అను ప్రకృతిశాస్త్రాభిమాని యొద్ద చదువుకొనెను. ఆ పెద్దమనిషి పుస్తకములతో పాటు కొండలను, రాళ్లను, మొక్కలను పరిశీలించుట నేర్పెను. పవెల్ పిమ్మట మూడు కళాశాలలలో చదివియు పట్టము పొందలేదు. ఉపాధ్యాయత్వముచే జీవించుచు, 1856 లో మిసిసిపీ నదిపైని, మరుసటి యేట ఒహాయో నదిపైని ఒంటరిగా పడవ నడుపుకొనుచు నత్తగుల్లలను, శిలలను సేకరించెను.

1861 లో అంతర్యుద్ధము ప్రారంభము కాగానే పవెల్ ఉత్తర సైన్యమున చేరెను. 1862 ఏప్రిల్ 6 వ తేదీన షైలో యుద్ధమందు తుపాకిగుండు తగిలి కుడిచేయి చితికిపోగా, వైద్యులు దానిని మోచేతికి దిగువన ఖండించిరి. భార్యయగు ఎమ్మా దగ్గరనుండి ఉపచరించెను. గాయము మానినంతనే ఆయన మరల సైన్యమునకు పోయి మేజరు పదవి నందెను. యుద్ధానంతరము ఇల్లినాయి వెస్లియన్ కళాశాలలో భూగర్భశాస్త్రాచార్యుడాయెను.

ఆ కాలమున కొలరాడో నది పారు మహాగండ్లు దేశపటములందు ఖాళీస్థలముగా నుండెను. 1869 మే 24 న పవెల్ తొమ్మండుగురు తోడివారితో నాలుగు పడవలలో గ్రీన్ నదిపై బయలుదేరెను. కొలదిదినములకే ఒక పడవ బండలకు కొట్టుకొని ముక్కలాయెను. ఆహారములో చాలభాగము నీటిపాలాయెను. మరియొకనాడు ఒంటిచేతితో కొండనెక్కుచు, ముందునకును వెనుకకును కదలలేని చోట పవెల్ చిక్కుకొనెను. పైనున్న బ్రాడ్లీ యనువాడు తాడు లేనందున తాను తొడిగియున్న లాగును విప్పి క్రిందికి వ్రేలాడదీయ, దానిని పట్టుకొని ప్రాణము దక్కించుకొనెను. ఒకడు జూలైలోనే వెడలిపోయెను. ప్రయాణము ముగియుటకు రెండు దినములు ముందు ముగ్గురు నదిని విడిచి గట్టెక్కి పోయి, మరల తిరిగి రాలేదు. ఆగస్టు 30 న మిగిలిన ఆరుగురు వర్జిన్ నదీముఖము చేరిరి. ఈ యాత్రచే పవెల్ నామము దేశమెల్ల వ్యాపించెను.

అయినను మా దృష్టిలో ఆయన గొప్పతనము ఈ సాహసమున లేదు. ఆ యెడారి భూములలో సంవత్సరముల తరబడి సంచరించి గ్రహించిన సత్యమును నిర్భయముగా చెప్పుటయందే యున్నది. ప్రభుత్వము 1862 నాటి శాసనముచే ఒక్కొక్క కుటుంబమునకు 160 ఎకరముల భూమి నిచ్చుచుండెను. నాగలి పోయినచోటికి వాన వెంటవచ్చునని భూములమ్మువారు ప్రచారము చేయుచుండిరి. 1878 లో పవెల్ సమర్పించిన నివేదికలో, సాలుకు 20 అంగుళముల వాన లేనిచోట కాలువనీరు లేక పైరు నమ్మదగినది కాదనియు, నీటిపారుదలగల సేద్యమునకు 80 ఎకరములు చాలుననియు, మేతభూమియైనచో 2,560 ఎకరములు కావలెననియు చూపెను. ఆ మాటను పెక్కురు చెవిని పెట్టలేదు.

1879 లో స్థాపితమైన భూగర్భ పరిశోధనశాఖకు 1881 లో ఆయన రెండవ అధ్యక్షుడాయెను. దేశమంతటికిని పటములు వ్రాయించు పని నారంభించెను. 1886 ఆగస్టులో చార్లెస్టన్ నగరమును భూకంపము పాడుచేయగా, ఆయన శాఖవారు పోయి దానిని పరిశోధించిరి.

1888 లో నీటిపారుదల పరిశోధన ఆ శాఖకు అప్పగింపబడెను. 1889 లో న్యూమెక్సికో యందలి ఎంబుడో వద్ద రియోగ్రాండ్ నదిపై మొదటి ప్రవాహమాపన కేంద్రము వెలసెను. నది వెడల్పును, లోతును, నీటి వేగమును కొలిచి గుణించినచో, క్షణమునకు ఎన్ని ఘనపుటడుగుల నీరు పారుచున్నదో తేలును. యువకులకు ఈ విద్య అచ్చటనే నేర్పబడెను. కాని కొలత ముగియువరకు భూములు పంచరాదని నిలుపుటచే పశ్చిమ రాష్ట్రముల సెనేటర్లు మండిపడిరి. 1890 లో ఆ పనికి ద్రవ్యము నిలిపివేసిరి.

1893 లో లాస్ ఏంజెలీస్ నగరమున నీటిపారుదల మహాసభ జరిగెను. తమ్ము పొగడునని సభికులు ఎదురుచూచిరి. పవెల్ మాత్రము మిగిలిన భూములన్నిటికి చాలునంత నీరు లేదనియు, ఇట్లే పంచినచో వ్యాజ్యములు, కలహములు తప్పవనియు హెచ్చరించెను. సభ గేలిచేసి అరచెను. ఆయన మాట మార్చుకొనలేదు. మరుసటి సంవత్సరము పదవిని విడిచి, అమెరికా ఆదిమజాతుల భాషలను, ఆచారములను పరిశోధించు శాఖను మాత్రము తుదివరకు నడపెను. 1902 సెప్టెంబరు 23 న మెయిన్ రాష్ట్రమున పరమపదించెను.

కాలమే ఆయనకు సాక్ష్యమిచ్చెను. 1922 లో ఏడు రాష్ట్రములు కొలరాడో నీటిని పంచుకొనిన ఒప్పందము మంచి వానలుగల సంవత్సరముల లెక్కలపై ఆధారపడెను. కాగితముపై పంచిన నీరు నదిలో లేకపోయెను. పవెల్ పేరు పెట్టిన మహాజలాశయమే 2023 ఆరంభమున నాలుగవవంతుకన్న తక్కువకు ఇంకిపోయెను. ఎంబుడోలో ఒక్కటిగా మొదలైన కొలత కేంద్రములు నేడు ఆ దేశమున 8,000 కు పైగా నుండి, వరదలను ముందుగా తెలుపుచున్నవి.

విద్యార్థులారా, మెప్పుకొరకు లెక్కను మార్చినచో లోకము క్షణకాలము సంతోషించును గాని, నది సంతోషింపదు. ఉన్నదానిని ఉన్నట్లు కొలిచి, కొలిచినదానిని కొలిచినట్లు చెప్పుటయే శాస్త్రము. ఒంటిచేతి మేజరు జీవితము మనకు నేర్పు పాఠ మిదియే.