ఆచార్యుని నెఱిగిన అధ్యక్షుడు

హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు 1864లో బొబ్బిలి చెంత అజ్జాడలో జన్మించిరి. సంస్కృతాంధ్రములందేగాక పారశీకమందును పండితులు. 1919లో విజయరామ గజపతి మహారాజు విజయనగరమున సంగీత కళాశాలను నెలకొల్పి, దాసుగారిని ప్రథమాధ్యక్షులుగా నియమించిరి. ద్వారం వేంకటస్వామినాయుడుగారు అచ్చట విద్యార్థిగా చేర వచ్చిరి. దాసుగారు ఆయన ఫిడేలు విని, శిష్యునిగా గాక ఆచార్యునిగానే చేర్చుకొనిరి. 1936లో దాసుగారు విరమింపగా అధ్యక్షపీఠము నాయుడుగారినే వరించినది. 1945లో దాసుగారు కీర్తిశేషులైరి.

దస్త్రమున నియామకమనగా ఒక పంక్తి మాత్రమే. యోగ్యత నెఱిగిన అధికారి వ్రాసినచో ఆ పంక్తియే సంస్థకు చరిత్ర యగును. ఉత్తరాంధ్రమునుండి వచ్చి జంషెడ్‌పూరున స్థిరపడిన మనవారికి ఆ కళాశాల పుట్టినింటి సొత్తు. కొలువులోనున్న మనకెల్లరకు దాసుగారి నిర్ణయము ఒక పాఠము.