రైలు సమ్మె నడిపి రాష్ట్రపతి అయిన గిరి

గోదావరిఖని: గనిలో దిగే కార్మికునికైనా, రామగుండం మీదుగా బొగ్గు వ్యాగన్లు లాగే ఇంజను డ్రైవరుకైనా సంఘమే అండ. ఆ సంఘాలను నిలబెట్టిన తొలితరం నాయకులలో తెలుగువాడు వరాహగిరి వెంకటగిరి ఒకరు.

ఆయన 1894 ఆగస్టు 10న బరంపురంలో జన్మించారు. ఐర్లండులో న్యాయశాస్త్రం చదివి, 1916లో స్వదేశానికి తిరిగివచ్చారు. హౌరా నుంచి వాల్తేరు దాకా సాగిన బెంగాల్-నాగపూర్ రైల్వేలో కార్మికులను పనిలోంచి తొలగించగా 1928లో సమ్మె నడిపించారు. రాయి విసరకుండా సాగిన ఆ సమ్మెకు కంపెనీ, ప్రభుత్వం దిగివచ్చాయి.

1952లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగులకు అనుకూలంగా వచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చడంతో 1954లో మంత్రి పదవిని వదులుకున్నారు.

1969లో రాష్ట్రపతిగా ఎన్నికయ్యారు. ఆయన ఆ పదవిలో ఉండగానే 1974 మే 8న దేశమంతటా రైల్వే సమ్మె మొదలైంది. 8 గంటల డ్యూటీ కావాలన్నది ఇంజను సిబ్బంది ముఖ్యమైన కోరిక. అలసిన డ్రైవరుకు కునుకు పడితే వెనుక పెట్టెల్లోని వందలమందికి ముప్పే గదా! ప్రభుత్వం వేలమందిని జైళ్లకు పంపింది. 20 రోజులకు సమ్మె ఆగిపోయింది. రాష్ట్రపతి మంత్రివర్గం సలహా మేరకే నడుచుకోవాలి. అందుచేత ఒకనాడు సమ్మె గెలిపించిన నాయకునికి, దేశాధినేతగా ఉండి కూడా ఈ సమ్మెలో చేయగలిగింది లేకపోయింది.

గిరికి 1975లో భారతరత్న లభించింది. 1980 జూన్‌లో మద్రాసులో కన్నుమూశారు.